వంటగట్టు పట్టుకుని పన్నెండు వారాలు

ఎముకల స్కాన్‌లో, ఎముక ఎంత గట్టిగా ఉందో చెప్పే టీ-స్కోరు మైనస్ 2.7 వచ్చింది. మైనస్ 2.5, లేదా అంతకంటే కిందికి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బట. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు యూనివర్సిటీ వైపు నడిచి వస్తాను, రాగిసంకటి తింటాను, నాకెందుకు వస్తుందని ఫిజియోథెరపిస్టుతో వాదించాను. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా చేతులు గుండెకు ఆనించి కుర్చీలోంచి లేచి కూర్చోమంది. ముప్పై సెకన్లలో ఎనిమిదిసార్లు లేచాను. 65–69 ఏళ్ల ఆడవాళ్లు కనీసం 11 సార్లు లేవాలి. నాకు 67. నడక మంచిదే కానీ, తడబడినప్పుడు నిలబెట్టేది తొడల బలమూ నిలకడా అని ఆమె చెబితే రోషం వచ్చింది. ఈ చిట్టా ఆ రోషంతో మొదలైంది.

మొదటి వారం: కుర్చీని గోడకు ఆనించి పదేసి చొప్పున రెండు విడతలు. మోకాళ్లు మొరాయిస్తే సీటు మీద గట్టి దుప్పటి మడతపెట్టి ఎత్తు పెంచాను. తర్వాత వంటగట్టు పట్టుకుని, పొయ్యికి దూరంగా, మడమలెత్తి దించడం. పాలు కాగే లోపు అయిపోతుందనుకున్నాను. లెక్కలో పడి పాలు పొంగించాను.

మూడో వారం: ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా ఒకే గీతపై నిలబడటం. పది సెకన్లు చూస్తే తేలికే, నేను నాలుగు దగ్గరే గట్టు పట్టుకున్నాను. సాక్సుతో గచ్చు మీద జారుతుంది, వట్టికాళ్లో పట్టున్న చెప్పులో మేలు. గుమ్మం దగ్గరి పాత పట్టా తీసేశాను, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ బిగించాం.

నాకు అన్నిటికన్నా కష్టమైంది ముగ్గు. వీపు గుండ్రంగా వంచితే వెన్నుపూస ముందు భాగంపై భారం పడి, గుల్లబారిన ఎముక నలిగిపోవచ్చట. కాలివేళ్లు ముట్టుకునే ఆసనాలూ అందుకే వద్దన్నారు. యాభై ఏళ్ల చేతివాటం మానుకోవడం సులువా! ఇప్పుడు పెద్ద ముగ్గు కోడలిది, పీట మీద వీపు నిటారుగా కూర్చుని చుక్కలు పెట్టడం నాది. కింద వస్తువు తీయాలంటే నడుము కాకుండా తుంటి దగ్గర వంగి, మోకాళ్లు మడుస్తున్నాను.

ఏడో వారం గంగజాతర. ఇంటి నిండా చుట్టాలు, వ్యాయామం సున్నా. అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన కుర్చీ లెక్క తర్వాత పదికి పడిపోయింది.

పన్నెండో వారం: పన్నెండుసార్లు లేచాను. గీత మీద పది సెకన్లు నిలిచాను. ఒంటికాలిపై మాత్రం కుడికాలికి తొమ్మిది, ఎడమకాలికి ఆరు. అలిపిరి మెట్లు 3,550 అని తెలుసు, అటు చూడలేదు. పాదాల మండపం దాటి యాభై మెట్లెక్కి, కోడలి చెయ్యి పట్టుకుని దిగాను. ఎక్కడం కంటే దిగడానికే కాళ్లు వణికాయి. వచ్చే వారం నుంచి ఎడమకాలికి ఇంకో విడత.