పద్దెనిమిదో రోజు కరెంటు పోయింది

తిరుపతిలో మా మేడ మీద గదిలో థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను. అందులో పొదిగించడానికి 24 నాటుకోడి గుడ్లు. వేడి 37.5 డిగ్రీలు, రోజుకు మూడుసార్లు తిప్పడం. ఏడో రోజు రాత్రి సెల్ టార్చి మీద పెట్టి చూస్తే 17 గుడ్లలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి. మిగతావి ఖాళీ.

18వ రోజు తిప్పడం ఆపేసి, తేమ కోసం వెడల్పు పళ్లెంలో నీళ్లు పెట్టానో లేదో, కరెంటు పోయింది. గంటన్నర! మా అవ్వ పాత దుప్పటి తెచ్చి పెట్టెకు చుట్టేసి, "అదే కోడయితే కరెంటుతో పనేముందిరా?" అనింది. ఏం చెప్తాను?

21వ రోజు తెల్లవారుజామున ఒక పెంకు మీద ఆవగింజంత పగులు, లోపల్నుంచి సన్నగా కీచుమని. మూత తీద్దామని ఒకటే ఆత్రం. తీస్తే తేమ పోయి పిల్ల పొరకు అతుక్కుంటుంది, అందుకే చేతులు కట్టుకొని కూర్చున్నా. పన్నెండు వచ్చాయి. ఆరినాక ఒకదాన్ని అవ్వ కొంగులో వేసుకొని కిందికి పోయింది.