మా రాణి నోట్లో పుల్ల

మూడు రోజులుగా మా గుర్రం రాణి ఉలవలు ముట్టలేదు. గడ్డి నమిలి ఉండలుగా కింద పడేసేది. ఒకటే చొంగ, దగ్గరికెళ్తే కుళ్లు వాసన. గొంతులో మేత అడ్డుపడిందేమోనని నాన్నకు టెన్షన్. అదైతే మేత ముక్కుల్లోంచి కూడా కారుతుంది, గుర్రాలు వాంతి చేసుకోలేవు కదా.

డాక్టర్ గారు మత్తు సూది వేసి, నోరు మూసుకోకుండా ఇనుప చట్రం పెట్టి, టార్చి వేసి చూశారు. అంగిటికి అడ్డంగా, పైదవడ పళ్ల మధ్య బిగుసుకుపోయిన పుల్ల! చిటికెన వేలంత ఉంది. అది ఒత్తుకున్న చోట అంగిలి ఎర్రగా పుండైపోయింది. పాపం, మూగజీవం, ఎంత ఓర్చుకుందో! తలుచుకుంటే ఏడుపొస్తోంది.

పుల్ల తీసేశాక, సాయంత్రం బకెట్లో మూతిపెట్టి గటగటా నీళ్లు తాగింది. ఆ చప్పుడు వింటూ పక్కనే కూర్చున్నా. ఇకపై గడ్డి విప్పి, దులిపాకే వేస్తా.