గల్లాపెట్టెకు చాక్ పెయింట్

చాక్ పెయింట్, అంటే సుద్దపొడి కలిసిన ఫర్నిచర్ రంగు, దాని గురించి ఎవరు చెప్పినా మొదటి మాట ఒకటే. పాత రంగు గీకే పని లేదు, ప్రైమర్ (రంగు కింద వేసే తొలిపూత) పని లేదు, దుమ్ము తుడిచి బ్రష్ పట్టుకుంటే చాలు అంటారు. 1990లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆనీ స్లోన్ అనే ఆవిడ ఈ రంగును తెచ్చినప్పటి నుంచి దానికి పేరొచ్చిందే అందుకు. అక్కడి బీరువాలకు, కుర్చీలకు ఆ మాట సరిపోతుందేమో. ఏళ్ల తరబడి పసుపు, కుంకుమ, అగరుబత్తుల పొగ, నూనె చేతులు చూసిన నల్గొండ గల్లాపెట్టెకు మాత్రం సరిపోదు. రంగు వేయడం ఇందులో అన్నిటికన్నా తేలిక. దాని కింద చేసే పనికే రోజులు పడతాయి.

మా మామయ్యకు ప్రకాశం బజార్ వైపు కిరాణం దుకాణం ఉండేది. దుకాణం మూసేశాక తరాజు ఒకరు, డబ్బాలు ఒకరు పట్టుకుపోయారు. గల్లాపెట్టె మా ఇంటి మెట్ల కిందికి చేరింది. కింద కూర్చుని లెక్కలు రాసుకునే ఎత్తు, ఏటవాలు మూత, మూత మీద చిల్లర జారవిడిచే సన్నటి సందు. లోపల నోట్లకు, చిల్లరకు, ఉద్దెర చిట్టీలకు వేరువేరు అరలు. మూత టేకు. దాని మీది వార్నిష్ చేతులు ఆనిన చోటల్లా అరిగిపోయింది. పక్క పలకలకు ఎప్పుడో ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేశారు, మూలల్లో అది పెచ్చులు లేస్తోంది.

దాన్ని బాగు చేసి ముందు గదిలో పెడదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "లచ్చిందేవి కూసున్న పెట్టెకు రంగులేంది బిడ్డా" అన్నది. ఏటా దీపావళికి పూజ అందుకున్న పెట్టె, ఆమె మాటలోనూ న్యాయం ఉంది. చివరికి పెట్టె లోపల చెయ్యి పెట్టనని, లోపలి బొట్లు అట్లనే ఉంచుతానని చెప్పాక సరే అంది. నాకూ అదే మంచిదనిపించింది. లోపలి టేకు రంగు నిజంగానే బాగుంది, దాన్ని కప్పేయడం దండగ.

ముందుగా ఆ ఆకుపచ్చ రంగు సంగతి చెప్పాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు లాంటి గాఢమైన రంగుల్లో, సీసం ఉండొచ్చు అనుకునే పని మొదలుపెట్టాలి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది, పిల్లలున్న ఇంట్లో అది అస్సలు వద్దు. నేను వాటర్ పేపర్ తీసుకుని, నీళ్లు చల్లుకుంటూ, లేచిన పెచ్చుల అంచులు చదును అయ్యేంత వరకే రుద్దాను. గట్టిగా పట్టి ఉన్న రంగు జోలికి పోలేదు. వచ్చిన బురదను పాత గుడ్డలతో ఎత్తి, ఆ గుడ్డలను మళ్లీ వాడకుండా కవర్‌లో కట్టి పారేశాను. చాక్ పెయింట్‌తో నిజమైన లాభం నాకు ఇక్కడే కనిపించింది. గట్టిగా ఉన్న పాత ఆయిల్ పెయింట్‌ను ఊడబీకకుండా దాని మీదే పట్టుకుంటుంది కాబట్టి ఆ సీసం ఉన్న చోటే ఉండిపోతుంది.

తర్వాత కడగడం. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు పొడి కలిపి, గుడ్డ పిండి తుడిచాను. కట్టెను తడిపి ముద్ద చేయకూడదు. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది, అది పొగ, చేతుల జిడ్డు. ముందు పలక మీద పసుపు రాసిన చోటికి వచ్చేసరికి మరక పోకపోగా ఎర్రగా తిరిగింది. పట్టుచీర మీద పసుపు పడి, కంగారులో సబ్బు పెట్టిన వాళ్లకు ఈ తమాషా తెలిసే ఉంటుంది. పసుపులోని కర్‌క్యుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మనం దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపు, సున్నం కలిపేదీ ఇందుకే. నీళ్లతో మళ్లీ తుడిస్తే ఎరుపు తగ్గింది కానీ, నాకు అప్పుడే అనుమానం పట్టుకుంది. చాక్ పెయింట్‌లో ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి. దాన్ని కలిపే ఎమల్షన్ (గోడలకు వేసే నీళ్ల రంగు) కూడా కొంచెం క్షార గుణం ఉన్నదే. పసుపు మీద అది పడితే ఏమవుతుంది?

అందుకే పెట్టెను తిరగేసి, వెనక పలక మీద, అడుగున చిన్న చిన్న ముక్కల్లో వేసి చూశాను. పాత ఆకుపచ్చ రంగు మీద చక్కగా పట్టింది, ఒక్క మచ్చ లేదు. ఉత్త టేకు మీద వేసిన చోట మర్నాటికి టీ ఒలికినట్టు గోధుమ రంగు మరక పైకి తేలింది. టేకులో సహజంగా ఉండే రంగు, నూనె పదార్థాలు నీళ్లతో కలిపిన రంగులోకి ఊరి వస్తాయి, ఎన్ని కోట్లు వేసినా వస్తూనే ఉంటాయి. పసుపు చారలు నారింజ రంగులో బయటపడ్డాయి. కుంకుమ గులాబీ రంగులోకి దిగింది. "ప్రైమర్ అక్కర్లేదు" అన్న మాట అక్కడితో సరి.

దీనికి మందు మా వీధి చివర వడ్లాయన దగ్గర దొరికింది. ఆయనకు చాక్ పెయింట్ అంటే ఏంటో తెలియదు. నేను మరక చూపించి అడిగితే, "టేకు రంగు ఊరుతుంది, ముందుగాల స్పిరిట్ పాలిష్ కొట్టాలె" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. తర్వాత చదివితే విదేశాల్లో చాక్ పెయింట్ వాడే వాళ్లు కూడా మరకలు ఆపడానికి షెల్లాక్ పూస్తారని తెలిసింది. షెల్లాక్ అంటే మన లక్కే. లక్క పురుగులు చెట్ల కొమ్మల మీద కట్టే గూటిని శుద్ధి చేసి రేకులుగా అమ్ముతారు. అవి స్పిరిట్‌లో కరుగుతాయి, వడ్లాయన చెప్పిన స్పిరిట్ పాలిష్ అదే; నీళ్లలో కరగవు. అందుకే కింద ఉన్న మరక నీళ్ల రంగులోకి రాకుండా మధ్యలో అడ్డుకట్ట వేస్తుంది.

అర లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క రేకులు వేసి, మూత పెట్టి, మధ్య మధ్యలో ఊపుతూ రాత్రంతా నానబెట్టాను. కరిగాక ఒక రోజు కదపకుండా ఉంచితే లక్కలో సహజంగా ఉండే మైనం మడ్డిలా అడుగుకు దిగుతుంది. పైన తేటను మాత్రం వేరే సీసాలోకి వంచుకోవాలి. మైనం ఎక్కువగా ఉంటే పైన వేసే నీళ్ల రంగు సరిగా పట్టకపోవచ్చు. ఈ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గరలో పొయ్యి గానీ అగరుబత్తి గానీ ఉండకూడదు. స్పిరిట్ చప్పున అంటుకుంటుంది.

లక్క పూసే ముందు పసుపు సంగతి చూడాలి కదా. పసుపు నీళ్లకు పోదు, స్పిరిట్‌కు బాగానే కరుగుతుంది. స్పిరిట్ తడిపిన గుడ్డతో అద్దుతూ తుడిచి, పెట్టెను మిద్దె మీద ఎండలో పెట్టాను. ఎండకు పసుపు వెలిసిపోతుందని బట్టలు ఆరేసే ఎవరికైనా తెలుసు. నల్గొండ ఎండ ఒకందుకైనా పనికొచ్చిందని సంతోషం. కానీ పెట్టెను మరీ మధ్యాహ్నపు ఎండలో వదలొద్దు, పలకలు చీలుతాయి. పొద్దున కాసేపు చాలు. ఆ తర్వాత టేకు మూతకు, పెచ్చులు పోయిన మూలలకు, బొట్లున్న చోటికి లక్క రెండు పూతలు పలచగా పూశాను. ఇది అరగంటలో ఆరిపోతుంది. వానాకాలం ముసురులో చేస్తే మాత్రం గాలిలో తడికి తెల్లగా మబ్బు పట్టినట్టు అవుతుందని వడ్లాయన చెప్పాడు.

ఇక రంగు. బయటి దేశపు డబ్బా మన దగ్గరికి వచ్చేసరికి ధర గుండె పట్టుకునేలా ఉంది. ఇక్కడి కంపెనీలు చిన్న సీసాల్లో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవీ ఉన్నాయి. నేను ఇంట్లోనే కలుపుకున్నాను. మెరుపు లేని ఎమల్షన్ ఒక గ్లాసు, చాక్ పౌడర్ మూడో వంతు గ్లాసు, ఆ పొడి ఉండలు లేకుండా కలవడానికి సరిపడా నీళ్లు. పొడిని ముందు నీళ్లతో పేస్టులా చేసుకుని తర్వాత ఎమల్షన్‌లో కలపాలి, పలచటి గుడ్డలో వడపోయాలి. కొందరు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడమంటారు. అది నీళ్లు తగలగానే గట్టిపడటం మొదలుపెడుతుంది, సగం పని కాకముందే గిన్నెలో ఉండలు కడుతుంది. చాక్ పౌడర్‌కు ఆ గొడవ లేదు. పెయింట్ దుకాణంలో అడిగితే ఇస్తారు, లప్పం చేయడానికి వడ్రంగులు కొనేదే. ఆ మాటకొస్తే సున్నపురాయికి మన జిల్లాలో కరువేం లేదు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది దాని మీదే. నీళ్లు మాత్రం బోరువి వాడలేదు. మా బోరు నీళ్లు ఆరితే స్టీలు గిన్నె మీద కూడా తెల్ల మరక మిగులుతుంది, అవి రంగులో ఎందుకని ఫిల్టర్ నీళ్లు పోశాను.

రంగు నీలిమందు వేసిన సున్నంలా లేత నీలం కావాలనుకున్నాను. తెల్ల ఎమల్షన్‌లో నీలం స్టెయినర్ (రంగులో కలిపే గాఢమైన ద్రవం) చుక్కలు, ఒక్క చుక్క నలుపు. నలుపు లేకపోతే ప్లాస్టిక్ బొమ్మ రంగులా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఆరాక రంగు కొంచెం మారుతుంది కాబట్టి అట్టముక్క మీద వేసి ఆరబెట్టి చూసుకోవడం మంచిది.

ఎండాకాలంలో ఈ రంగు వేయడానికి పొద్దున్నే కూర్చోవాలి. పది దాటితే బ్రష్ ముంచి పలక మీద పెట్టేలోపే రంగు చిక్కబడి, బ్రష్ ఈడ్చుకుపోతుంది, గీతలు పడతాయి. ఫ్యాన్ ఆపేశాను. బ్రష్‌ను అప్పుడప్పుడు నీళ్లలో ముంచి పిండుకున్నాను. ఆరుతున్న చోటికి మళ్లీ బ్రష్ తీసుకుపోకుండా ఉండటమే ఇందులో కష్టం, చేయి ఊరుకోదు. మొదటి పూత చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, కింద ఆకుపచ్చ అక్కడక్కడా తొంగిచూస్తూ గోడకు వెల్ల వేసిన మొదటి రోజులా ఉంటుంది. రెండో పూతకు కాస్త నీళ్లు ఎక్కువ కలిపితే అంతా కలిసిపోయింది. టేకు మూత మీద గోధుమ మరక రాలేదు. ముందు పలక మీద ఒక్క చోట గులాబీ ఛాయ లేచింది. అక్కడ మాత్రం ఇంకోసారి లక్క పూసి, పైన రంగు దిద్దాను.

ఆరాక అంచుల్లో సాండ్ పేపర్‌తో రుద్ది కట్టె కనపడేలా చేయడం ఇప్పుడు ఫ్యాషన్. నేను కాసేపు రుద్దుతుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది. "కొత్త రంగేస్తివి, మళ్ల గీకుడెందుకు?" దానికి నా దగ్గర జవాబు లేదు. మూత ఎత్తే చోట, గొళ్లెం పక్కన, అంటే నిజంగా చేతులు పడి అరిగే చోట మాత్రమే సన్నగా రుద్ది ఆపేశాను, అదీ రంగు కింద లక్క ఉన్న టేకు మీదే. నాలుగు మూలలా సమానంగా అరగదీసిన పెట్టె నాకు ఎప్పుడు చూసినా షోరూమ్ సరుకులాగే అనిపిస్తుంది.

చివరగా మైనం. చాక్ పెయింట్ ఆరితే సుద్దలా పొడిపొడిగా ఉంటుంది, చేతి చెమట పడినా మరక పట్టేస్తుంది. తేనె మైనంతో చేసే ఫర్నిచర్ వ్యాక్స్‌ను నూలు గుడ్డతో కొంచెం కొంచెం తీసుకుని, రంగులోకి ఇంకేలా రుద్ది, మిగిలింది వేరే గుడ్డతో తుడిచేయాలి. ఎక్కువ పెడితే ఎక్కువ రక్షణ అనుకుంటాం కానీ, మే నెల వేడిలో మందంగా పెట్టిన మైనం జిగటగానే ఉండి దుమ్మంతా పట్టుకుంటుంది. పలచగా పెట్టి, మర్నాడు మెత్తటి గుడ్డతో రుద్దితే పట్టులాంటి సన్నటి మెరుపు వస్తుంది. చేతికి ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా దాని మీద ఏదీ పెట్టొద్దు, తడి గుడ్డ తగలనివ్వొద్దు. మైనం పెట్టిన తర్వాత మనసు మారి పైన వార్నిష్ వేద్దామంటే పట్టదు, మైనం మొత్తం తీయాల్సిందే.

గట్టిపడ్డాక కూడా వేడికి ఆగదు. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, చాయ్ గ్లాసు అడుగు దానికి చాలు. మా పెట్టె మూత ఏటవాలుగా ఉండటం కలిసొచ్చింది, ఎవరూ గ్లాసు పెట్టలేరు. పక్కింటి వాళ్లు చూసి, వాళ్ల టీపాయికి కూడా వేద్దామన్నారు. వద్దన్నాను. టీపాయి, వంటింట్లో పీటలు, స్నానాల గది స్టూళ్లు, రోజూ తడీ వేడీ తగిలే వాటికి ఆయిల్ పెయింటో, వార్నిషో నయం. ఫొటో ఫ్రేములు, గోడ అల్మారా తలుపులు, పుస్తకాల అర లాంటి వాటికైతే నిశ్చింతగా వేసుకోవచ్చు. ఏడాదికోసారి మైనం మళ్లీ రుద్దుకుంటే సరిపోతుంది.

మిగిలిన చాక్ రంగు దాచుకునేది కాదు. కొన్నాళ్లకు అడుగున గట్టిగా పేరుకుంటుంది, వాసన వస్తుంది. ఎంత కావాలో అంతే కలుపుకోవాలి. లక్క పాలిష్ మాత్రం గాజు సీసాలో పోసి, కలిపిన తేదీ రాసి చీకటి గూట్లో పెట్టాను. ఏడాది దాటిన పాలిష్ పూస్తే సరిగా ఆరక జిగురుగా ఉండిపోతుంది, దాన్ని వాడే ముందు గాజు ముక్క మీద ఒక చుక్క వేసి గోటితో గీకి చూడాలి.