ఫోనులో ‘అమ్మ’ కనబడేందుకు తీసిన తాళం

2011లో నేను కొనుక్కున్న మొదటి ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు వికీపీడియా తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనబడేవి. వాక్యం పొడవునా గళ్లు, మధ్య మధ్య అంకెలు, కామాలు. మా చెల్లెలు తెలుగులో రాసిన మెయిలు పరిస్థితీ అదే. అప్పట్లో తెలుగువాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న చిట్కా ఒకటి ఉండేది: ఒపెరా మినీ బ్రౌజరు అడ్రసు పట్టీలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే వరుసలో ‘ఎస్’ ఎంచుకుంటే, వాళ్ల సర్వరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. పేజీ చదువుకోగలిగేవాళ్లం, కానీ ఆ బ్రౌజరు దాటి బయటికి వస్తే మళ్లీ గళ్లే.

లోపం చిన్నదే. తెరపై కనబడే అక్షరాల రూపాలన్నీ ఫోను లోపల సిస్టం విభాగంలో, ఫాంట్స్ అనే ఫోల్డరులో ఉంటాయి. అందులో తెలుగు లేదు. తెలుగు అక్షరాలున్న ఫాంటు ఒకటి తెచ్చి అక్కడ పెడితే చాలు, కానీ ఆ విభాగాన్ని ఫోను చదవనిస్తుందే తప్ప యజమానిని అందులో ఏమీ రాయనివ్వదు. డబ్బు నాది, ఫోను నాది, మార్చవలసింది ఒకే ఒక్క ఫైలు, దానికి మాత్రం నాకు హక్కు లేదు. అందుకే ఫోనును ‘రూట్’ చేశాను. అంటే తయారీదారు తన దగ్గర ఉంచుకున్న సర్వాధికారాన్ని నేను తీసుకున్నాను. రాత్రంతా కంప్యూటరుకు తీగ తగిలించి కూర్చుని, పాత ఫాంటు ఫైలును పక్కకు తీసి, కొత్తది అదే పేరుతో పెట్టి, ఫోను ఆపి మళ్లీ వెలిగించాను. మెయిలు తెరవగానే మొదటి పలకరింపు కనబడింది. అయితే ఫాంటు వచ్చినా ఒత్తులను అమర్చే యంత్రాంగం ఆ ఆండ్రాయిడ్ కూర్పులో లేదు కనుక ‘అమ్మ’ అన్న మాట ‘అమ్‌మ’ అని పొల్లుతో పడింది. ‘అక్క’ కూడా అంతే, ‘అక్‌క’. అయినా చదవగలిగాను, ఆ రాత్రి నాకది చాలా పెద్ద విషయం.

తరువాతి ఆండ్రాయిడ్ కూర్పులలో తెలుగు సక్రమంగా అమరింది, కాని నా ఫోను తయారుచేసిన కంపెనీ దానికి ఆ కూర్పు ఇవ్వలేదు. కొత్త ఫోను కొనుక్కోమన్నట్టుగా ఊరుకుంది. అప్పుడు బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు తయారుచేసిన సైనోజన్‌మాడ్ అనే ఆండ్రాయిడ్ కూర్పు వేసుకున్నాను. బూట్‌లోడర్ అంటే ఫోను వెలగగానే మొదట పని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాము. ఏ ఆపరేటింగ్ సిస్టం నడవాలో అదే తేలుస్తుంది. తాళం వేసి ఉంటే కంపెనీ ముద్ర ఉన్న సిస్టంనే నడపనిస్తుంది, తాళం తీస్తే నేను పెట్టినదాన్ని నడుపుతుంది. ఫోను మీద ఎవరి మాట చెల్లుతుందనేది అక్కడే తేలిపోతుంది. మిగిలిన సెట్టింగులన్నీ దాని తరువాతే.

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లు ఈ తాళాలలో ఇంకొక రకాన్ని బాగా ఎరుగుదురు. వాయిదాల మీద తీసుకున్న ఫోను ఆ నెట్‌వర్కుకే కట్టుబడి ఉంటుంది. సెలవులకు ఊరికి తెచ్చి నాన్నగారి సిమ్ వేస్తే పనిచేయదు. 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోన్ల విషయంలో నెట్‌వర్కు అనుమతి లేకుండా ఆ తాళం తీయడాన్ని అక్కడి 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం నుంచి మినహాయించేది లేదని ఆ మినహాయింపులను తేల్చే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిర్ణయించగా, లక్షకు పైగా జనం వైట్ హౌస్‌కు అర్జీ పెట్టారు. 2014 ఆగస్టు 1న ఒబామా సంతకం చేసిన కొత్త చట్టంతో ఆ హక్కు తిరిగి వచ్చింది. అది విజయమే, కాని అది సిమ్ తాళం వరకే. బూట్‌లోడర్ తాళం తీసి ఇవ్వమని తయారీదారును ఆ చట్టం ఎక్కడా అడగదు.

తాళం భద్రత కోసమే కదా అని మిత్రులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. దొంగ చేతికి చిక్కిన ఫోనులో వాడు తన సిస్టం నింపి మన ఫోటోలూ సందేశాలూ చదవకూడదు. అందుకే అన్‌లాక్ చేసిన క్షణంలో ఫోనులోని సమాచారమంతా చెరిగిపోయేటట్టు ఏర్పాటు చేశారు, అది సబబైన ఏర్పాటు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఇంకొక అడుగు ముందుకు వెళ్లవచ్చు: తాళం తీసి, గ్రాఫీన్ఓఎస్ వంటి సిస్టం వేసుకుని, దాని ముద్రతోనే మళ్లీ తాళం వేసుకోవచ్చు. అప్పుడు భద్రతా ఉంటుంది, తాళంచెవి యజమాని దగ్గరా ఉంటుంది. ఒక ఫోనులో సాధ్యమైనది మరొక ఫోనులో ఎందుకు సాధ్యం కాదో నాకు ఎవరూ తృప్తిగా చెప్పలేదు. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉంది. వేరే సిస్టం ఎక్కించిన మరుక్షణం అందులో ఎలక్ట్రానిక్ ఫ్యూజు ఒకటి శాశ్వతంగా కాలిపోతుంది, తరువాత అసలు సిస్టం తిరిగి వేసినా, సొంత ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. తన వస్తువును తెరిచి చూసినందుకు యజమానికి జీవితకాలపు శిక్ష వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు అంతకంటే మెత్తని తాళం ఒకటి వచ్చింది. అన్‌లాక్ చేసిన ఫోనును గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష పసిగడుతుంది. దాని మాట విని అనేక బ్యాంకుల యాప్‌లు తెరుచుకోవు. కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే ఉన్న మన ఊళ్లలో ఇది ఎంత కట్టడో వేరే చెప్పనక్కరలేదు. నేను ఆ కారణంగానే రెండు ఫోన్లు మోస్తున్నాను.

ప్రభుత్వమూ ఈ తాళంచెవిని కోరుకుంటుందని గత సంవత్సరం తెలిసింది. 2025 నవంబరు చివరలో టెలికాం శాఖ, ప్రతి కొత్త ఫోనులో సంచార్ సాథీ యాప్‌ను ముందే పెట్టాలనీ, దాని పనులను నిలిపివేసే వీలు ఉండరాదనీ తయారీదారులను ఆదేశించింది. పోయిన ఫోన్లను వెతికిపెట్టే ఆ సేవ మంచిదే, నేనూ వాడాను. వద్దనుకుంటే తీసివేసే వీలు లేకపోవడమే నా అభ్యంతరం. తీవ్ర నిరసనల తరువాత డిసెంబరు 3న ఆ నిబంధనను ఉపసంహరించుకున్నారు.

క్రితం నెల మా అమ్మకు ఫోను కొనడానికి విజయవాడలో ఒక దుకాణానికి వెళ్లాను. కెమెరా గురించి, బ్యాటరీ గురించి అబ్బాయి చక్కగా చెప్పాడు. బూట్‌లోడర్ అన్‌లాక్ అవుతుందా అని అడిగితే పెట్టె తిప్పి తిప్పి చూశాడు. అందులో ఎక్కడా రాసి లేదు, రాసి ఉండాలని ఏ నియమమూ లేదు. ఇంటికి వచ్చాక, సిమ్ వేయకముందే, సెట్టింగులలో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ మెనూ తెరిచాను. బూట్‌లోడర్ తాళం తీయడానికి అనుమతించే ‘ఓఈఎం అన్‌లాకింగ్’ మీట బూడిద రంగులో చచ్చుపడి ఉంటే ఫోను వెనక్కి ఇచ్చేద్దామని ముందే అనుకున్నాను. వేలితో జరిపాను, జరిగింది. మళ్లీ యథాస్థానానికి తెచ్చి, అక్షరాల పరిమాణం పెంచి, భాష తెలుగుకు మార్చి అమ్మ చేతికిచ్చాను.