పిల్లలకంటే ముందు టీచర్లు వెళ్ళాలి

పోయినేడాది మా స్కూలు పిల్లల్ని నేచర్ పార్కుకి తీసుకెళ్ళాం. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం, ఒక గైడు. ఆయన ముందు నడుస్తూ చెట్ల పేర్లు చెప్పుకుంటూ పోయాడు, వెనకున్నవాళ్ళకి ఒక్క ముక్క వినపడలేదు, నాకేమో తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది. ఏం చూశారో రాయమంటే సగం మంది బస్సు గురించి రాశారు. వాళ్ళననేం లాభం?

ఈసారి అదే పార్కులో టీచర్లకి విడిగా ఒకరోజు ట్రైనింగ్ పెడితే వెళ్ళాను (సర్టిఫికెట్ కోసమే, దాచడం ఎందుకు). వెళ్ళగానే తలో తాడు చేతికిచ్చి, నేల మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం వేసుకుని అందులో ఏమేం ఉన్నాయో చూడమన్నారు. ఉత్త గడ్డే కదా అనుకున్నా. అరగంటకి ఏడు రకాల మొక్కలు తేలాయి, మూడింటి పేర్లు నాకు తెలియవు, పదిహేనేళ్ళుగా బోటనీ చెబుతున్నదాన్ని! ఓ మూల పొడి ఇసుకలో బొటనవేలంత గరాటు లాంటి గుంట కనిపించింది. పుల్లతో అంచు కదిపితే అడుగు నుంచి ఇసుక ఎగిరిపడింది. యాంట్ లయన్ అనే పురుగు లార్వా (గుడ్డు నుంచి వచ్చిన పిల్ల దశ) అట. చీమ అంచు మీద కాలు పెడితే జారుతుంది, పైకి ఎక్కబోతే కింద నుంచి ఇది ఇసుక విసిరి మళ్ళీ పడేస్తుంది. రెక్కలొచ్చాక చూస్తే తూనీగ అనుకుంటాం.

ఇదేంటని అడిగితే ట్రైనరు వెంటనే చెప్పలేదు, "మీరేమనుకుంటున్నారు?" అన్నాడు. చిరాకేసింది. ఆ చిరాకులోనే ఇంకో పది నిమిషాలు వంగి చూశాను, చూస్తే గానీ తెలియలేదు క్లాసులో నేనెంత తొందరపడి జవాబు చెప్పేస్తానో.

చెట్ల బెరడు మీద బూడిదరంగు మచ్చలు చూసి తెగులేమో అనుకునేదాన్ని. అవి లైకెన్లు, శిలీంధ్రమూ (ఫంగస్) శైవలమూ (ఆల్గే) కలిసి బతికే కాపురం. వేర్లు లేవు, నీళ్ళూ లవణాలూ చాలావరకు గాలి, వాన నుంచే, అందుకే పొగలో వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువైన చోట చాలా రకాలు బతకవు. రోడ్డు పక్క చెట్లనీ లోపలి చెట్లనీ పోల్చి చూడమంటే పిల్లలకి అదే పెద్ద ప్రాజెక్టు. 1977లో తిబిలిసీలో (ఇప్పటి జార్జియా దేశ రాజధాని) జరిగిన యునెస్కో సమావేశం పర్యావరణ విద్యకి అవగాహన, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాల్గొనడం అని ఐదు లక్ష్యాలు పెట్టింది, మా పాత ట్రిప్పు మొదటిదాని దాకా కూడా వెళ్ళలేదు.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి ఇరవై మంది చొప్పున రెండు విడతలుగా, ఐదుగురికొక తాడు. వర్క్‌షీట్‌లో ఒకటే ప్రశ్న పెట్టాను. ముందురోజు వాన పడితే మాత్రం ఆ గుంటలు కనపడవు, అదొక్కటే టెన్షన్.