పన్నెండో పేరు

12 ఆగస్టు 2024, సోమవారం
అనంతపురం

నిన్న రాత్రి పారిస్ ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్ ఫోనులో చూసి ఆలస్యంగా పడుకున్నా, అలవాటు ప్రకారం ఉదయం ఐదున్నరకే కోర్టుకు చేరుకున్నాను. అమెరికా 67, ఫ్రాన్స్ 66. చివరి క్షణంలో గాబీ విలియమ్స్ వేసిన బంతి రింగులో పడింది గానీ, ఆమె పాదం మూడు పాయింట్ల షాట్‌కు హద్దుగా గీసిన గీతను తాకడంతో మూడు పాయింట్లు రావలసిన చోట రెండే వచ్చాయి. ఆ గీతే అమెరికాకు వరుసగా ఎనిమిదో స్వర్ణాన్ని మిగిల్చింది.

శ్రావణ మాసపు గాలికి కోర్టంతా ఎర్రదుమ్ము పరుచుకొని ఉంది. దాన్ని ఊడుస్తూనే మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న ఆడినవాళ్ళ గురించి కాదు, అమెరికా జట్టులో చోటు దొరకక ఆడని అమ్మాయి గురించి. "కైట్లిన్ క్లార్క్ ఉండింటే ఒక్క పాయింటుతో బయటపడే గతి పట్టేది కాదు కదా మేడం?" అని పదో తరగతి పిల్ల ఒకతె అడిగింది. మన మహిళల జట్టు ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్‌లో ఇంతవరకు అడుగుపెట్టలేదు, అయినా అమెరికా జట్టు కూర్పు గురించి మా పిల్లలు ఇంత పట్టుదలగా వాదించడం నాకు సంతోషంగానే అనిపించింది. ప్రాక్టీసు మొదలుపెట్టమని చెప్పి జవాబు దాటవేశాను. నిజానికి ఆ ప్రశ్న రెండు వారాలుగా నా సంచిలోనే ఉంది. ఈ రోజు సాయంత్రంలోగా మా బాలికల జట్టుకు పన్నెండు పేర్లు రాసివ్వాలి. పదకొండు పేర్లు ఎప్పుడో రాశాను.

ఆ పన్నెండో చోటుకు అందరి నోటా వినిపిస్తున్న పేరు జూన్‌లో మా బడిలో చేరిన తొమ్మిదో తరగతి అమ్మాయిది. ఆమె దూరం నుంచి షాట్ వేస్తే ప్రహరీ అవతల నడిచిపోయేవాళ్ళు సైతం ఆగి చూస్తారు. టీ కొట్టు దగ్గరా స్టాఫ్ రూములోనూ "ఆ పాపను తీసుకుంటున్నారు కదా" అనే మాటే ఎదురవుతోంది.

క్లార్క్ విషయంలో జరిగిందీ ఇదే. కాలేజీ ఆటలో 3,951 పాయింట్లతో రికార్డు నెలకొల్పి, ఏప్రిల్‌లో అమెరికా మహిళల వృత్తి లీగ్ కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అందరికన్నా ముందుగా ఇండియానా ఫీవర్ జట్టుకు వెళ్ళిన 22 ఏళ్ళ అమ్మాయి ఆమె. ఆమె ఆడిన కాలేజీ ఫైనల్‌ను కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు, పురుషుల ఫైనల్‌కు కూడా అంతమంది ప్రేక్షకులు రాలేదు. అంత జనాదరణ ఉన్న మనిషిని పారిస్‌కు పంపితే ఆటకే మేలు జరుగుతుందన్న వాదనను నేను తేలికగా తీసిపారేయను, ఎందుకంటే ఖాళీ గ్యాలరీల ముందు ఆడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొత్త అమ్మాయి కాబట్టి వద్దన్న మాట కూడా నిలవదు. అమెరికా తారలు డయానా టౌరాసి 2004లో, క్యాండేస్ పార్కర్ 2008లో, బ్రియానా స్టీవర్ట్ 2016లో వృత్తి ఆటలో అడుగుపెట్టిన ఏడాదే ఒలింపిక్స్‌కు వెళ్ళారు. అయితే పార్కర్ 2006లోనూ స్టీవర్ట్ 2014లోనూ, ఇంకా కాలేజీలో ఉండగానే, సీనియర్ జట్టుతో ప్రపంచ పోటీలు ఆడి వచ్చినవాళ్ళు. క్లార్క్‌కు ఆ అవకాశం దొరకలేదు. ఈ ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో జాతీయ జట్టు శిబిరానికి పిలుపు వచ్చిన సమయానికి ఆమె అదే ఊళ్ళో తన కాలేజీ జట్టు తరఫున సెమీఫైనల్‌కు సిద్ధమవుతోంది. అది ఆమె తప్పు కాదు. కానీ తక్కినవాళ్ళతో కలిసి ఆడని లోటు ఎవరి తప్పూ కానంత మాత్రాన తీరిపోదు. వృత్తి ఆటలో ఆమె మొదటి మ్యాచ్‌లోనే 20 పాయింట్లు చేసి, పది సార్లు బంతి పోగొట్టుకుంది.

అందుకే జూన్‌లో సెలెక్టర్లు ఆమెను పక్కన పెట్టడం సరైనదేనని నేను నమ్ముతున్నాను. జూలైలో ఆమె ఒకే మ్యాచ్‌లో 19 అసిస్టులతో, అంటే తోటివాళ్ళ బుట్టలకు దారితీసిన పాసులతో, లీగ్ రికార్డు సృష్టించింది. లీగ్‌లోని మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఆమె ఉన్న జట్టు ఇదే ఒలింపిక్ జట్టును 117-109తో ఓడించింది. నిన్నటి ఫైనల్‌లో 42 ఏళ్ళ టౌరాసి ఒక్క నిమిషం కూడా కోర్టులోకి దిగలేదు. ఇవన్నీ చూసినప్పుడు నా నమ్మకం కాస్త కదిలిన మాట నిజం. అయినా జూన్‌లో రాసిన పట్టికను జూలై ఆటతో కొలవడం న్యాయం కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత కథ ఒకటి ఉంది. ఇంటర్ మొదటి ఏడాదిలో నేను వేసే షాట్లకు ఊరంతా చప్పట్లు కొడుతోందని నన్ను జట్టులోకి తీసుకున్నారు. మూడేళ్ళు ఒక్క రోజు కూడా మానకుండా ప్రాక్టీసు చేసిన అక్క ఒకరిని ఆపేశారు. టోర్నమెంటు అంతా నేను బెంచీ మీదే గడిపాను, ఎందుకంటే డిఫెన్స్‌లో ఎవరు ఎటు జరగాలో మిగిలినవాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. తిరిగి వచ్చాక ఆ అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ తరువాత ఆమె కోర్టుకే రాలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ పన్నెండో పేరు రాశాను. అది రెండేళ్ళుగా రీబౌండ్ల కోసం, అంటే రింగు తగిలి తిరిగొచ్చే బంతుల కోసం, మోచేతులు చీరుకుపోయేలా ఆడుతున్న పిల్లది, ఎవరూ ఆగి చూడని పిల్లది.

పట్టిక బయటపెట్టడానికి ముందే క్లార్క్‌కు ఫోను చేసి చెప్పారని చదివాను, ఆ పద్ధతి నాకు నచ్చింది. అందుకే నోటీసు బోర్డులో కాగితం అంటించక ముందే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయిని పిలిపించుకొని, ఈసారి తన పేరు లేదని, ఎందుకు లేదో, వచ్చే ఏడాదికి ఏం నేర్చుకోవాలో వివరంగా చెప్పాను. ఆమె తలవంచుకొని అంతా విని, "ఎవర్ని తీసుకున్నారు మేడం?" అని మాత్రం అడిగింది. పేరు చెప్పాను. సరేనని తల ఊపి, బంతిని తీసుకెళ్ళి గదిలో పెట్టి, బ్యాగు భుజాన వేసుకొని వెళ్ళిపోయింది. రేపు ఉదయం ఐదున్నరకు వస్తావా అని అడగాలనిపించింది గానీ అడగలేదు.

అలారం ఐదుకు పెట్టుకున్నాను.