నాన్నగారి క్యాప్సూళ్లు

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు నాన్నగారు వాడే నిలోటినిబ్‌ను ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి. ముందు 2 గంటలు, తర్వాత 1 గంట ఏమీ తినకూడదు, ఎందుకంటే ఆహారంతో కలిస్తే మందు రక్తంలో ఎక్కువగా చేరి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఈ నియమాన్ని గడియారం చూసుకుంటూ పాటించిన మేము, మొన్న దగ్గుకు వేరే డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మందు సంగతే చెప్పలేదు, ఆయనా అడగలేదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. అది కాలేయంలో నిలోటినిబ్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటుంది, పైగా తానూ గుండె లయపై అదే ప్రభావం చూపుతుంది.

చీటీ చదివిన మందుల షాపాయన స్ట్రిప్‌ను మళ్లీ అరలో పెట్టేసి, "ముందు మీ క్యాన్సర్ డాక్టరుగారికి ఫోన్ చేయండమ్మా" అన్నారు. ఆయనకు నేనెంతో రుణపడి ఉన్నాను. ఆ సాయంత్రమే ఈసీజీ తీయించి, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు చేయించాం, యాంటీబయాటిక్ మార్చారు. ఇప్పుడు నాన్నగారి చొక్కా జేబులో, కళ్లజోడు వెనుక, ఆయన వాడే మందులన్నీ రాసిన మడత కాగితం ఉంటోంది.